మూడు లక్షల గ్రాంటు, అరవై ఇళ్ళు, ఒక ఏడాది: డబ్బు ముందుగా దేనిమీద పెట్టాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విజయనగరం జిల్లాలో గజపతినగరానికి దగ్గరలోని మీ ఊళ్ళో యువకులు కొందరు కలిసి సంఘం పెట్టుకున్నారు. ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత నిధుల నుంచి ఏడాదికి మూడు లక్షల రూపాయలు ఇస్తామని మాట ఇచ్చింది. అరవై పేద కుటుంబాలకు మంచి తిండి అందాలన్నది లక్ష్యం. నెలనెలా చోడి (రాగి) పిండి, బెల్లం, పప్పు, కూరగాయలతో ఒక సంచి కట్టి ఇంటింటికీ ఇద్దామని మీలో కొందరు, పెరటి తోటలు పెంచుదామని మరికొందరు అంటున్నారు. ఈ రెండింటిలో ఏది మేలో, లెక్కలు ఎలా నడపాలో చెప్పమన్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఇటువంటి చిన్న పనులు చాలా ఏళ్ళు నడిపినవాడిగా, కొన్నింటిని పాడుచేసుకున్నవాడిగా కూడా, నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

ముందుగా సంచుల సంగతి. మూడు లక్షలను అరవై ఇళ్ళకు పంచితే ఇంటికి ఐదువేలు వస్తుంది. దాన్ని మూడువందల అరవై ఐదు రోజులకు భాగిస్తే రోజుకు పధ్నాలుగు రూపాయలు కూడా లేదు. నలుగురున్న ఇంటికి పధ్నాలుగు రూపాయల తిండి ఏ మార్పూ తీసుకురాదు, పన్నెండో నెల దాటాక అది కూడా ఉండదు. సంచి చేతికిస్తూ తీసిన ఫోటో దాత సంస్థకు నచ్చుతుంది, తీసుకున్న తల్లికి ఆ రోజుకు సంతోషం కలుగుతుంది, కాదనను. అయినా చిన్న గ్రాంటుతో ఆహారం కొని పంచకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఆహారానికీ ఆ ఇంటి పొయ్యికీ మధ్య ఏదో ఒక అడ్డు ఉంటుంది. అది నీరు కావచ్చు, దడి కావచ్చు, దూరం కావచ్చు, దంచుకునే ఓపిక లేకపోవడం కావచ్చు. ఆ అడ్డు ఎక్కడుందో కనిపెట్టి దానిమీదే డబ్బు పెట్టాలి. ఒకసారి తొలగిన అడ్డు గ్రాంటు అయిపోయాక కూడా తొలగే ఉంటుంది.

ఈ మాట నాకు మొదట తెలియదు. నేను బాధ్యత వహించిన తొలి పని మెళియాపుట్టి వైపు కొండ కింద ఒక గూడెంలో జరిగింది. డబ్బు జనవరిలో వచ్చింది, మార్చి ముగిసేలోగా ఖర్చు చూపించమన్నారు. ఫిబ్రవరిలో ఇంటికి ఏడు రకాల కూరగాయ విత్తనాల పొట్లాలు పంచి, శిక్షణ పెట్టి, సంతకాలు తీసుకున్నాం. మార్చికల్లా నూతిలో నీరు అడుగంటింది. కోతలు, నూర్పులు అయిపోయాయి కాబట్టి ఊరి పశువులను అలవాటు ప్రకారం వదిలేశారు, మొలిచిన కొద్దిపాటి మొక్కలను అవి మేసేశాయి. నివేదికలో మాత్రం అన్ని కుటుంబాలకూ విత్తనాలు అందాయనే రాశాం, అది అబద్ధమూ కాదు. మరుసటి ఏడు ఆ గూడెం వెళ్ళినప్పుడు ఒక పెద్దామె "బాబూ, గింజలు మాకూ ఉన్నాయి, నీళ్ళే లేవు" అన్నది. విత్తనాలు పంచే ముందు ఆమెను అడిగి ఉంటే ఆ డబ్బంతా నూతి పూడిక తీయడానికి పెట్టేవాళ్ళం.

అందుచేత మొదటి నెలంతా అడగడానికే కేటాయించండి. ప్రశ్నపత్రం అచ్చువేసుకుని వెళితే మీకు వినబడేవి మీరు కోరుకున్న జవాబులే. పది ఇళ్ళలో వంట జరిగే వేళకు వెళ్ళి కూర్చుని, కూర ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎంత పడింది, ఎవరు ఆఖరున తిన్నారు అని మాటల్లో అడగండి. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, గ్రామ సంఘం (ఊళ్ళోని మహిళా పొదుపు సంఘాల సమాఖ్య) యానిమేటర్, ఈ ముగ్గురికీ ఏ ఇంట్లో ఏం ఉడుకుతుందో మీకంటే బాగా తెలుసు. ఒక ఊళ్ళో మేము తోటలు వేయాలనే వెళ్ళాం. తీరా చూస్తే అక్కడి అడ్డు తోట లేకపోవడం కాదు. సంత సోమవారం, కూలి డబ్బులు చేతికొచ్చేది శనివారం. కూరగాయలు చవకగా దొరికే రోజున చేతిలో డబ్బుండదు, డబ్బున్న రోజున ఊళ్ళోకి వచ్చే ఆటో బండిమీద ఉన్నవి ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, వడలిపోయిన టమాటాలు. అక్కడ మేము చేసిందల్లా, కొత్తవలస దారిలో కూరగాయలు పండించే రైతుల దగ్గర తెచ్చి అమ్మడానికి ఊళ్ళోని ఒక ఒంటరి మహిళకు కాటా, రెండు గంపలు, తిరిగి చెల్లించే షరతుతో కొద్ది పెట్టుబడి గ్రామ సంఘం ద్వారా ఇప్పించడం. వారంలో మూడు రోజులు ఆమె ఊళ్ళో తిరిగి అమ్మేది, కూలి డబ్బు వచ్చేదాకా అరువు కూడా ఇచ్చేది. నేను చూసిన చిన్న గ్రాంటు పనుల్లో అంత తక్కువ ఖర్చుతో అంత ఎక్కువ ఆకుకూర వండించింది మరొకటి లేదు.

మీ ఊళ్ళో పెరటి తోటలే సరైన దారి అని తేలితే, అప్పుడు నీటి లెక్క వేయండి. ఒక సెంటు అంటే సుమారు నలభై చదరపు మీటర్లు. ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు లీటర్లు పోయాలి, అంటే సెంటుకు నూట అరవై నుంచి రెండువందల లీటర్లు, పదిహేను లీటర్ల బిందెతో పదకొండు నుంచి పదమూడు బిందెలు. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు, నలుగురికి 220. అంటే వేసవిలో సెంటు తోటకు కావలసిన నీరు దాదాపు ఆ ఇంటికంతటికీ వచ్చే నీటితో సమానం. ఈ లెక్క చూశాక వేసవిలో కూడా సెంటు తోట పచ్చగా ఉంటుందని ఏ దాతకూ మాట ఇవ్వకండి. స్నానం నీరు, గిన్నెలు కడిగిన నీరు కలిపితే వేసవిలో సెంటులో మూడోవంతు బతుకుతుంది. అక్కడ బచ్చలి పాదు, ఒక మునగ, ఒక కరివేపాకు, ఒక బొప్పాయి, రెండు చిన్న మళ్ళలో తోటకూర, గోంగూర ఉంటే చాలు. బూడిదతోనో కుంకుడు రసంతోనో తోమిన నీరు మొక్కకు హాని చేయదు, బట్టలు ఉతికిన సబ్బు పొడి నీటిని మాత్రం ఆకుకూర మళ్ళకు పారించకండి. ఇంటి వెనక స్నానాల గదికి ఒక చిన్న కాలువ, దాని చివర ఇసుక, గులకరాళ్ళతో నింపిన గొయ్యి, ఈ రెండింటికీ అయ్యే ఖర్చు విత్తనాలకు పెట్టే ఖర్చు కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

ఆశించే దిగుబడి విషయంలోనూ నిజాయితీగా ఉండాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంటున్నాయి. నలుగురికి కిలోన్నర పైన కూరగాయ కావాలి, సెంటు భూమి ఏడాది పొడవునా రోజూ అంత ఇవ్వదు. వారానికి నాలుగు రోజులు ఆకుకూర, శీతాకాలం నాలుగు నెలలు చిక్కుడు, ఆనప, బీర ఇస్తే ఆ తోట తన పని తాను చేసినట్టే.

నీటి తరువాతది దడి. మన జిల్లాల్లో పెరటి తోటల్ని చంపేది పురుగుల కంటే పశువులు, మేకలు, కొన్ని ఊళ్ళలో కోతులు. ఇనుప వల కొంటే మీ గ్రాంటు దానికే సరిపోతుంది. సరుగుడు కర్రలు మనకు దగ్గర్లోనే దొరుకుతాయి. పూసపాటిరేగ, భోగాపురం తీరంలోని మత్స్యకారులు పక్కనపెట్టిన పాత వలలు అడిగితే తక్కువకు ఇస్తారు. ఆ రెంటితో కట్టిన దడి రెండు మూడేళ్ళు నిలవడం నేను చూశాను. కోతులను అది ఆపదు. కోతుల బెడద ఉన్న ఊళ్ళో కాయలమీద ఆశ పెట్టుకోక ఆకుకూరలకూ కంద, చేమ వంటి దుంపలకూ పరిమితం కావడమే మంచిది.

ఇక కాలం. గ్రాంటు ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి వరకు నడుస్తుంది, మన నేల ఏడాది మృగశిర కార్తెతో మొదలవుతుంది. ఒప్పందం జూన్‌లో కుదిరి డబ్బు ఆగస్టులో పడితే చాలామంది కంగారుగా ఆగస్టులోనే పాదులు పెట్టిస్తారు. అవి పందిరి పాకి కాపుకు వచ్చే వేళకు అక్టోబరు వస్తుంది. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ వచ్చింది 2018 అక్టోబరు 11న. ప్రతి ఏడూ అంతటి తుపాను రాదు, కానీ ఆ నెలలో వాయుగుండం లేని ఏడాది కూడా నాకు పెద్దగా గుర్తులేదు. డబ్బు ఆలస్యమైతే ఆగస్టు నుంచి అక్టోబరు వరకు అడగడం, దడులు, నీటి కాలువలు, నారుమడి ఏర్పాటు వంటి పనులు పెట్టుకుని, కార్తీక మాసంలో విత్తనం వేయండి. మునగ కొమ్మలు, కరివేపాకు మొక్కలు మాత్రం వానలుండగానే నాటాలి. ఏ తేదీన పని మొదలు కావాలో ఒప్పందంలోనే రాయించుకోవడం ఇంకా మేలు. తొలకరికి ముందే మొదటి వాయిదా కావాలని, కారణం చెప్పి అడిగితే, ఒప్పుకున్న దాతలు నాకు తెలుసు.

విత్తనాలు సంకరజాతివి కొనకండి. వాటి గింజ తీసి మళ్ళీ వేస్తే అదే కాపు రాదు, మరుసటి ఏడు మళ్ళీ కొనాలి, కొనడానికి అప్పుడు మీ గ్రాంటు ఉండదు. మీ ఊళ్ళోనే ఎవరో ఒక ముసలమ్మ దగ్గర ఆనపబుర్రలో బూడిద కలిపి దాచిన చిక్కుడు, ఆనప, గుమ్మడి గింజలు ఉంటాయి. ఆమె దగ్గర గింజలు తీసుకున్న ప్రతి ఇల్లూ కాపు అయ్యాక రెట్టింపు తిరిగి ఇవ్వాలన్న ఒప్పందం ఒక్కటి చేయించండి. కార్యక్రమానికి వచ్చిన అధికారుల ముందు ఆమెను కూర్చోబెట్టి మాట్లాడించండి, అది ఆమెకు దక్కవలసిన గౌరవం.

చోడి గురించి కూడా అడిగారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పేదింట్లో ఆకలి తగ్గింది, దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. అదే కాలంలో చోడి అంబలి, గంటె (సజ్జ) అన్నం మన పళ్ళేల నుంచి నెమ్మదిగా తప్పుకున్నాయి. వంద గ్రాముల చోడిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యం ఏ విధంగానూ దానికి దరిదాపుల్లోకి రాదు. అయితే చిరుధాన్యాలన్నింటినీ ఒకే గాట కట్టడం పొరపాటు. చోడికి పైపొట్టు లేదు, రాయి ఏరి విసిరితే పిండి అయిపోతుంది. సామలకు, కొర్రలకు, ఊదలకు పొట్టు ఉంటుంది, దంచాలి. ఆ దంపుడు పడేది ఆడవాళ్ళ చేతులమీదే, వాటిని మానేయడానికి అసలు కారణం కూడా అదే. కాబట్టి సామలు పండే ఊరైతే పొట్టు తీసే చిన్న యంత్రం గ్రామ సంఘం పేరున పెట్టించడం అర్థవంతమైన ఖర్చు. చోడి ఒక్కటే పండే ఊరికి ఆ యంత్రం అవసరమే లేదు, ఉన్న పిండిమరలో చోడికి ఒక రోజు కేటాయించమని మర యజమానిని ఒప్పిస్తే చాలు. విత్తనం కోసం విజయనగరంలోని వ్యవసాయ పరిశోధనా స్థానాన్ని అడగండి, వేగావతి, శ్రీచైతన్య వంటి చోడి రకాలు అక్కడినుంచే వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా మిత్రులకు ఆమదాలవలసలోని కృషి విజ్ఞాన కేంద్రం దగ్గర.

వంట నేర్పించే కూడికలు తప్పకుండా పెట్టండి, కానీ ఉపన్యాసం వద్దు. నెలకొకసారి ఒక ఇంటి అరుగుమీద, ఆ ఇంటి తోటలోని కూరతో, ఆ ఊరి వాళ్ళే వండాలి. మునగాకు పప్పు, చోడి రొట్టె, పొన్నగంటి వేపుడు వంటివి మన వాళ్ళకు కొత్త కావు, కొత్త కోడళ్ళకు చేతికి రానివి మాత్రమే. చెప్పవలసిన విషయాలు రెండే ఉన్నాయి. ఆకుకూర తిన్న పూట నిమ్మకాయో ఉసిరికాయో జామపండో తోడుగా ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది, భోజనం కాగానే టీ తాగితే పట్టదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. భోజనం కాగానే ఒక గ్లాసు టీ మానించగలిగితే అది కూడా చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఇది చదివేవారిలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల వాళ్ళుంటే, ఉద్దానం అనే ఆ ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఉన్నవారి తిండి వేరు. ఆకుకూరలు, కొబ్బరినీళ్ళు, కొన్ని పండ్లలో ఉండే పొటాషియం వారిలో కొందరికి ప్రమాదం తెస్తుంది, ఉప్పు, మాంసకృత్తుల పరిమితి కూడా వైద్యుడే చెప్పాలి. అందరికీ ఒకే పాఠం చెప్పి రాకుండా, జబ్బున్న ఇళ్ళ జాబితా ఆశా కార్యకర్త సాయంతో ముందే తెలుసుకుని, ఆ ఇళ్ళకు వైద్యుని సలహా తీసుకున్నాకే మాట్లాడండి.

డబ్బు విభజన నేనైతే ఇలా చేస్తాను. మీ ఊరి కోడలో కూతురో అయిన ఒక కార్యకర్తకు నెలకు ఆరువేల చొప్పున 72 వేలు. ఈ ఖర్చును దాత సంస్థలు పాలనా వ్యయమంటూ కోసేయాలని చూస్తాయి, ఒప్పుకోకండి, అరవై ఇళ్ళ గడప వారం వారం తొక్కే మనిషి లేకపోతే మిగతా ఖర్చంతా వృథా. నీటి కాలువలకు, దడులకు లక్ష, అందులోనూ కర్రలు పాతే శ్రమ ఆ ఇంటివారిదే కావాలి. విత్తనాలకు, నారుమడికి 25 వేలు. సామల యంత్రానికో, పైన చెప్పిన అమ్మకందారు పెట్టుబడికో 45 వేలు. వంట కూడికలకు 18 వేలు. ప్రయాణాలు, పుస్తకాలు, ఆడిట్‌కు 20 వేలు. మిగిలిన 20 వేలు దేనికీ కేటాయించకుండా ఉంచండి. తుపానుకు దడి పడిపోయినా, నూతి మోటారు కాలిపోయినా ఆ డబ్బే ఆదుకుంటుంది. ఆ పద్దు పేరు ప్రతిపాదనలోనే రాసి ఆమోదం తీసుకోవాలి.

లెక్కల విషయంలో మొదటి ప్రశ్న, ఆ డబ్బు తీసుకునే అర్హత మీ సంఘానికి ఉందా అన్నది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు కాని యువజన సంఘం పేరున కంపెనీ డబ్బు పడదు. నమోదు ఉన్నా, 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో పనిచేసే సంస్థలు సీఎస్ఆర్-1 పత్రంతో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదై ఉండాలి, దానికి ఆదాయపు పన్ను నమోదులు కూడా అడుగుతారు. అవి లేకపోతే అర్హత ఉన్న ఒక పెద్ద సంస్థ ద్వారా పని చేసుకోండి. ఇద్దరి మధ్య ఎవరు ఏ ఖర్చు పెడతారో కాగితంమీద ఉండాలి. ఆ పెద్ద సంస్థకు వచ్చేది విదేశీ విరాళమైతే మాత్రం, 2020 సవరణ తరువాత దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధం, మీకు చెక్కు రాసిస్తామంటే మీరే వద్దనాలి. పదివేలు దాటిన ఏ చెల్లింపూ నగదుగా చేయకండి. కర్రలు అమ్మిన రైతు బిల్లు ఇవ్వలేడు కాబట్టి, అతని పేరు, ఊరు, సరుకు, సొమ్ము, సంతకం, ఇద్దరు సాక్షులతో వోచరు అదే రోజు రాయించుకోవాలి. నెలకొకసారి ఆ నెల ఖర్చును రామమందిరం అరుగు దగ్గరో సచివాలయం గోడమీదో పెద్ద అక్షరాలతో అంటించండి. ఇది ఏ దాతా అడగడు. ఊరు మాత్రం చదువుతుంది, పుకార్లు పుట్టకుండా నేను చూసిన మార్గం ఇదొక్కటే.

రెండో వాయిదా ఆలస్యం కావడం మామూలే. ఒకసారి మాకు నాలుగు నెలలు ఆగిపోయింది. కార్యకర్తకు జీతం ఇవ్వలేక, ఆమె ఇంటికి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. అప్పటినుంచి మూడు నెలల జీతం ముందుగా విడిగా ఖాతాలో ఉంచనిదే ఏ పనీ మొదలుపెట్టలేదు.

ఫలితం ఎలా కొలవాలన్నది మీరు అడగలేదు, కానీ దాత తప్పక అడుగుతాడు. రక్తహీనత తగ్గిస్తామని రాయకండి. దానికి తిండి ఒక్కటే కారణం కాదు, ఏడాదిలో అరవై ఇళ్ళలో దాన్ని రుజువు చేయలేరు. దానికి బదులుగా, 15–49 ఏళ్ళ స్త్రీలను నిన్న పగలూ రాత్రీ ఏమేమి తిన్నారో అడిగి పది ఆహార వర్గాల్లో ఎన్ని వచ్చాయో లెక్కించే పద్ధతి ఉంది. ధాన్యాలు, దుంపలు ఒకటి, పప్పులు ఒకటి, వేరుశనగ, నువ్వుల వంటివి ఒకటి, పాలు, మాంసం లేదా చేప, గుడ్డు, ముదురు పచ్చని ఆకుకూరలు, గుమ్మడి, బొప్పాయి, మామిడి వంటి పసుపుపచ్చ కాయలు పండ్లు, ఇతర కూరగాయలు, ఇతర పండ్లు ఒక్కొక్కటి. ఐదు, ఆపైన వస్తే మేలు. మొదట నవంబరులో అడిగితే చివర కూడా నవంబరులోనే అడగాలి. నవంబరును మే నెలతో పోలిస్తే మీరు కొలిచేది రుతువునే. సంత మరునాడు, పండుగ మరునాడు, కార్తీక సోమవారం ఉపవాసం మరునాడు అడగకండి.

ఆఖరున, పదో నెల రాగానే గ్రామ సంఘం సమావేశం పెట్టించి, యంత్రం, కాటా, నారుమడి, మిగిలిన విత్తనాలు ఎవరి పేరున ఉంటాయో, మరమ్మతు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, యంత్రం వాడినందుకు కిలోకు ఎంత తీసుకోవాలో తీర్మానం రాయించి సంతకాలు చేయించండి. పన్నెండో నెలలో ఇది చేస్తే అందరూ ముగింపు సభ హడావుడిలో ఉంటారు. పదో నెలలో చేస్తే, వాళ్ళు సొంతంగా నడిపే తొలి రెండు నెలలూ మీరు పక్కనే ఉంటారు. మీ ఊరి నూతుల్లో మే నెలలో నీరు ఎంత లోతున ఉంటుందో, సంత ఏ వారమో, సామలు పండుతాయో లేదో ఈ మూడూ తెలుసుకుని రాస్తే, విభజనలో ఏది పెంచాలో ఏది తగ్గించాలో మళ్ళీ చెబుతాను.